షవర్ గోడలకు కొత్త టైల్స్ వేసే ముందు: బెంగళూరు ఫ్లాట్లలో ఉండేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో పది పదిహేనేళ్ల కిందట కట్టిన ఫ్లాట్లలో ఉంటున్న తెలుగు కుటుంబాలు బాత్రూం బాగుచేయించుకునేటప్పుడు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. అవి మళ్లీ మళ్లీ వస్తున్నందున సమాధానాలను ఒకచోట చేర్చాము. టైల్ రంగు, డిజైను, ధర ఇందులో లేవు. పాత టైల్ ఊడదీసినప్పటి నుంచి కొత్త టైల్ అంటించే వరకు గోడకు జరగవలసిన పని గురించే ఈ పేజీ. షవర్ గోడలో నీటిని ఆపవలసిన బాధ్యత టైల్ వెనుక ఉన్న ప్లాస్టరుకూ వాటర్‌ప్రూఫ్ కోటింగుకూ ఉండగా, ఇంటివారి డబ్బూ శ్రద్ధా ఎక్కువగా టైల్ మీదే ఖర్చవుతున్నాయి. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా ఇబ్బంది లేదు.

## చెక్కడానికి ముందు

రెండు టైల్సే ఊడాయి. వాటినే మళ్లీ అతికిస్తే సరిపోదా?

ముందుగా ఊడిన టైల్‌ను తిరగేసి వెనుక వైపు చూడండి. వెనుక భాగం శుభ్రంగా ఉండి, సిమెంటు మొత్తం గోడకే మిగిలిపోతే, టైల్‌కూ సిమెంటుకూ మధ్య పట్టు మొదటి నుంచీ లేదని అర్థం. టైల్‌తో పాటు ఇసుక ప్లాస్టరు పెళ్లలుగా ఊడివస్తే, గోడ ప్లాస్టరే చచ్చుబడింది. నడుమ ఒక ముద్ద సిమెంటు మాత్రం ఉండి నాలుగు మూలలూ ఖాళీగా కనిపిస్తే, ఆ ఖాళీలలో ఇన్నేళ్లుగా నీరు నిలిచి ఉంటుంది. చుట్టూ ఉన్న టైల్స్ కూడా అదే చేత్తో వేసినవే కాబట్టి వాటి పరిస్థితీ అంతే.

తరువాత స్క్రూడ్రైవర్ పిడితో మిగిలిన టైల్స్‌ను ఒక్కొక్కటిగా తట్టి, డొల్లగా మోగినవాటికి సుద్దముక్కతో గుర్తు పెట్టండి. డొల్ల టైల్స్ షవర్‌కు దూరంగా, పొడి భాగంలో ఒకటి రెండు చోట్లకే పరిమితమై, వెనుక ప్లాస్టరు తాళంచెవితో గీకినా రాలకుండా ఉంటే వాటిని మాత్రమే మార్చుకోవచ్చు. షవర్ కింద నడుము ఎత్తు లోపల వరుసగా డొల్ల మోగితే అతుకులు వేయడం వల్ల ప్రయోజనం లేదు.

బాత్రూం పక్కనున్న బెడ్‌రూమ్ గోడకు చెమ్మ వస్తోంది. టైల్స్ మారిస్తే పోతుందా?

నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా టైల్స్ మార్చితే పోకపోవచ్చు. చెమ్మ మరక అంచును పెన్సిలుతో గీసి, తేదీ వేసి, ఆ షవర్‌ను కొన్ని రోజులు పూర్తిగా వాడకుండా ఉండండి. షవర్ వాడకపోయినా మరక గీత దాటి పెరుగుతూ ఉంటే గోడలోని పైపు కారుతోందని అనుమానించాలి. ప్లంబర్ చేత చల్లనీటి లైనుకూ వేడినీటి లైనుకూ వేర్వేరుగా ప్రెషర్ టెస్ట్ (పైపులో ఒత్తిడితో నీరు నింపి, ఒత్తిడి పడిపోతోందేమో చూడడం) చేయించాలి. వాడకం ఆపాక మరక మెల్లగా వెలిసిపోతే నీరు టైల్ సందుల గుండానో ఫ్లోర్ మూలల గుండానో దిగుతోంది. మూడో అవకాశం డ్రెయిన్ పైపు: గోడలు తడవకుండా బకెట్ నీటిని నేరుగా జాలీలోకి పోస్తూ కొన్ని రోజులు గమనిస్తే అది కూడా తెలుస్తుంది. గోడ ఆరడం నెమ్మదైన పని కాబట్టి ఒక్క రోజులో తీర్పు చెప్పకూడదు.

పాత టైల్స్ మీదే కొత్తవి అంటించవచ్చని మేస్త్రీ అంటున్నారు. నిజమేనా?

టైల్ మీద టైల్ అంటించే అడ్హెసివ్‌లు మార్కెట్లో ఉన్న మాట నిజమే. పాత టైల్స్ గట్టిగా ఉన్న పొడి గోడకు ఆ పద్ధతి చెల్లుతుంది. దెబ్బతిన్న షవర్ గోడకు మాత్రం మేము దానిని ఒప్పుకోము. వెనుక చెమ్మ అలాగే ఉండిపోతుంది, డొల్లగా ఉన్న పాత టైల్ మీద కొత్త టైల్ బరువు కూడా పడుతుంది, డైవర్టర్ (నీటిని షవర్‌కో కుళాయికో మళ్లించే గోడలోని వాల్వు) గోడలోకి మరింత లోతుకు పోయి హ్యాండిల్ బిగించడమే కష్టమవుతుంది.

పని మొదలుపెట్టే ముందు అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు చెప్పాలా?

చెప్పాలి. సుత్తి, డ్రిల్లు పనులకు అనుమతించే వేళలు, శిథిలాలు దించడానికి లిఫ్టు వాడకం, డక్టులో (భవనం పైపులు నడిచే సందులో) మీ ఫ్లాట్ వాల్వు ఎక్కడుందన్న విషయం ముందే తెలుసుకోండి. కింది ఫ్లాట్ వారితో మాట్లాడి, వారి అనుమతితో వారి బాత్రూం సీలింగును ఫోటో తీసి పెట్టుకుంటే, పాత మరక ఏదో కొత్త మరక ఏదో అన్న వాదన తరువాత రాదు. అద్దె ఇల్లయితే ఓనరు రాతపూర్వక అంగీకారం లేకుండా ఒక్క టైల్ కూడా తీయించకండి.

## చెక్కేటప్పుడు

పైపులు పగలకుండా పాత టైల్స్ ఎలా తీయించాలి?

గీజరు ఎంసీబీని (కరెంటు ఆపే స్విచ్చును) బోర్డు దగ్గరే ఆపి, డక్టులో వాల్వు కట్టి, షవర్, కుళాయిలు, యాంగిల్ కాక్‌లు విప్పించి పైపు మూతులకు ప్లగ్గులు బిగించాలి. ఫ్లోర్ ట్రాప్‌లోకి పెంకులు పడకుండా గోనెగుడ్డ కుక్కి, పైన ప్లాస్టిక్ కవరు వేసి టేపు అంటించాలి. డ్రెయిన్‌లో ఇరుక్కున్న సిమెంటు ముక్క తీయడం టైల్స్ తీయడం కంటే కష్టమైన పని. పై వరుస నుంచి కిందికి రావాలి. గ్రైండరుతో టైల్ సందులను కోసుకుంటే ఒక టైల్ దెబ్బ పక్కదానికి పాకదు.

బ్రేకర్ మెషీన్ విశాలమైన గోడకు బాగానే ఉంటుంది, కానీ డైవర్టర్ చుట్టూ, గీజరు పాయింట్ల చుట్టూ సుమారు అడుగు మేర ఉలి, సుత్తితోనే చెక్కించండి. పాత సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు పెళుసుబారి ఉంటుంది. అదురుకే మోచేయి జాయింటు దగ్గర వెంట్రుకవాసి చీలిక వస్తుంది, అది ఆ రోజు కంటికి కనిపించదు. చెక్కేవారికి కళ్లద్దాలు, సరైన మాస్కు మీరే కొనిచ్చి పెట్టుకోమనండి. సిమెంటు, ఇసుక దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది.

టైల్స్‌తో పాటు లోపలి ప్లాస్టరు కూడా మొత్తం తీసేయాలా?

తట్టినప్పుడు డొల్ల మోగే ప్లాస్టరు, గోటితో గీకితే ఇసుకలా రాలే ప్లాస్టరు ఇటుక కనిపించేదాకా పోవలసిందే. గట్టిగా ఉన్న భాగాన్ని ఉంచవచ్చు. అప్పుడు దాని అంచును గ్రైండరుతో నిటారుగా కోయించి, పైన మిగిలిన పాత సిమెంటు గడ్డలను, అడ్హెసివ్ చారలను చెక్కించాలి. షవర్ పడే గోడలో మూడో వంతుకు మించి డొల్లగా ఉంటే అంతా తీయించడమే మేలని మా అభిప్రాయం, ఎందుకంటే పాత కొత్త ప్లాస్టర్ల అతుకులు ఎన్ని ఉంటే పగుళ్లకు అన్ని దారులు.

పెయింటు, వాల్ పుట్టీ, జిప్సం ప్లాస్టరు ఏ మాత్రం మిగలకూడదు. జిప్సం నీటికి మెత్తబడడమే కాక, తడిలో సిమెంటుతో కలిసి ఉబ్బే పదార్థంగా మారి పైపొరను నెట్టివేస్తుంది.

గోడ మీద తెల్లటి పొడి పొంగుతోంది. యాసిడ్‌తో కడిగితే పోతుందా?

ఆ పొడి ఉప్పు. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉండే లవణాలు నీటిలో కరిగి, నీరు ఆవిరయ్యే చోట గోడపై తేలుతాయి. బోరు నీరు, ట్యాంకరు నీరు వాడే ఇళ్లలో ఆ నీటిలోని లవణాలు కూడా వాటికి తోడవుతాయి. పొడి గోడను గట్టి బ్రష్‌తో రుద్ది, రాలినదాన్ని చీపురుతో ఎత్తి పారేయాలి. నీటితో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. బాత్రూం యాసిడ్ అని అమ్మేది ఎక్కువగా హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది సిమెంటును తినేస్తుంది, దానిలోని క్లోరైడు లోపలి ఇనుప కడ్డీలకు తుప్పు తెస్తుంది. నీరు వచ్చే మూలం ఆగాక కూడా పది రోజుల్లో ఉప్పు మళ్లీ మళ్లీ పొంగుతుంటే గోడ ఇంకా ఆరలేదని గ్రహించి ఆగాలి.

చెక్కిన తరువాత ఇటుక తడిగా ఉంది. ఎన్నాళ్లు ఆరనివ్వాలి?

రోజుల లెక్క కంటే చిన్న పరీక్ష నమ్మదగినది. రెండు జానల చదరపు పారదర్శక ప్లాస్టిక్ షీటును గోడకు ఆనించి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు వేసి ఒక పగలు, ఒక రాత్రి వదిలేయండి. మరునాడు షీటు లోపలి వైపు నీటి బిందువులు పట్టినా, షీటు కింది ఇటుక పక్కదానికంటే నల్లగా కనిపించినా లోపల ఇంకా తడి ఉంది. మోకాలి ఎత్తులో ఒకటి, ఛాతీ ఎత్తులో ఒకటి అతికిస్తే తడి కింది నుంచి ఎక్కుతోందా, పైపు దగ్గరే ఉందా అన్నది కూడా తేలుతుంది.

బెంగళూరులో జనవరి నుంచి మార్చి వరకు గాలి పొడిగా ఉండి గోడ త్వరగా ఆరుతుంది. వానాకాలంలో అదే గోడకు రెండింతల సమయం పట్టినా ఆశ్చర్యం లేదు. చెన్నైలో ఇల్లున్నవారు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. ఎగ్జాస్టు ఫ్యాను, తలుపు దగ్గర టేబుల్ ఫ్యాను నడపండి. హీటరు పెట్టి పైపైన వేడిచేస్తే పైపొర ఆరి లోపలి తడి అలాగే ఉంటుంది.

ఒక మూల ఇనుప కడ్డీలు తుప్పుపట్టి కనిపిస్తున్నాయి. సిమెంటు పూసేయవచ్చా?

పూయకండి. తుప్పు ఉబ్బి కొత్త పూతను కూడా పగలగొడుతుంది. పైపైన తుప్పు అయితే చుట్టూ వదులైన కాంక్రీటు తీసి, వైరు బ్రష్‌తో కడ్డీ మెరిసేదాకా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, రిపేర్ మోర్టారుతో నింపాలి. కడ్డీ సన్నబడినా, పొరలు పొరలుగా రాలుతున్నా అది పిల్లర్ లేదా బీమ్ సమస్య. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసేదాకా పని ఆపండి.

## గోడను మళ్లీ నిలబెట్టేటప్పుడు

మా గోడలు ఇటుకవి కావు, తెల్లటి తేలికైన బ్లాకులవి. తేడా ఏమైనా ఉందా?

అవి ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు బ్లాకులు. నీటిని బాగా పీల్చుకుంటాయి కాబట్టి ఇటుక గోడలా పైపుతో తడిపి ముద్ద చేయకూడదు. దుమ్ము దులిపి, కొద్దిగా చిలకరించి, బాండింగ్ కోటు (ప్లాస్టరుకు పట్టు ఇచ్చే పూత) వేసిన తరువాతే ప్లాస్టరు పట్టించాలి. బ్లాకు గోడ, కాంక్రీటు పిల్లర్ కలిసే చోట రెండు వైపులకూ జానెడు చొప్పున మెష్ (వల) కొట్టకపోతే ఆ గీత వెంటే పగులు వస్తుంది. బ్రేకర్ మెషీన్ ఈ బ్లాకులను లోతుగా తినేస్తుంది, కాబట్టి చేతి ఉలి మేలు.

గోడలన్నీ కాంక్రీటుతో పోసిన మైవాన్ భవనమైతే సమస్య వేరు. ఆ గోడ నున్నగా ఉండి ఏదీ పట్టదు. దట్టంగా గాట్లు పెట్టి బాండింగ్ కోటు వేయాలి. అక్కడ పైపుల కోసం గాడి కోసి కడ్డీలు తెంచే హక్కు ఎవరికీ లేదు. పైపులను గోడ బయటే నడిపి, ముందు సన్నని గోడ కట్టి కప్పుకోవాలి.

కొత్త పైపులు, డైవర్టర్ పెట్టాక గాడిని ఎప్పుడు పూడ్చాలి?

ప్రెషర్ టెస్ట్ పంపు బిగించి, దాని మీటరు ముల్లు ఒక రాత్రంతా కదలకుండా నిలిచిన తరువాతే. డైవర్టర్ లోతు విషయంలో తొందర వద్దు: ఇటుక ముఖం నుంచి ప్లాస్టరు సుమారు 15 మి.మీ., అడ్హెసివ్ 5 మి.మీ., టైల్ 8 నుంచి 10 మి.మీ. కలిపితే దాదాపు 30 మి.మీ. అవుతుంది. డైవర్టర్ మీదుండే ప్లాస్టిక్ తొడుగుపై కనిష్ఠ, గరిష్ఠ గీతలు ఉంటాయి. టైల్ ముఖం ఆ రెండింటి మధ్యకు రావాలి. గాడిని ఒకేసారి నింపితే సిమెంటు కుంచించుకొని అంచులు విడతాయి కాబట్టి రెండు విడతలుగా నింపి, పైన మెష్ వేయించండి.

ప్లాస్టరుకు ఏ ఇసుక వాడాలి, సిమెంటు పాళ్లెంత?

బెంగళూరులో ఇప్పుడు నది ఇసుక బదులు రాతిని పిండి చేసి తయారుచేసే ఎం-శాండే ఎక్కువ. అందులో కాంక్రీటుకు వాడే ముతక రకం, ప్లాస్టరుకు వాడే పి-శాండ్ వేర్వేరు, పి-శాండే అడగండి. గ్లాసు నీటిలో గుప్పెడు ఇసుక వేసి కలిపి గంట వదిలితే పైన బురదపొర ఎంత మందమో కనిపిస్తుంది. ఆ పొర మందంగా ఉంటే ఆ లోడు ప్లాస్టరును సన్నటి బీటలతో నింపుతుంది.

ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక, 12 నుంచి 15 మి.మీ. మందం సరిపోతుంది, గోడ వంకర వల్ల 20 మి.మీ. దాటితే రెండు పొరలుగా వేయాలి. ఐఎస్ 2645 (భారతీయ ప్రమాణం) గుర్తున్న వాటర్‌ప్రూఫింగ్ ద్రావణాన్ని డబ్బా మీద రాసిన మోతాదులోనే కలపాలి. తయారై మూడు నెలలు దాటిన సిమెంటు బస్తా తీసుకోవద్దు. ఇక్కడ ఒక అలవాటును ఆపించాలి: ప్లాస్టరు జారుతోందని కొందరు పొడి సిమెంటును దాని మీద చల్లి తాపీతో రుద్దుతారు. నున్నగా, గట్టిగా కనిపించే ఆ పైపొర త్వరలోనే పెంకులా లేస్తుంది. టైల్ వేయబోయే ప్లాస్టరును చెక్కబద్దతో గరుకుగానే వదిలేయాలి.

ప్లాస్టరు సమంగా వచ్చిందని మాలాంటివాళ్లం ఎలా చూసుకోవాలి?

రెండు మీటర్ల అల్యూమినియం పట్టీని నిలువునా, అడ్డంగా, ఐమూలగా గోడకు ఆనించండి. పట్టీ కింద 3 మి.మీ. కంటే ఎక్కువ సందు ఎక్కడా ఉండకూడదు. నిలువును తూగుగుండుతో, మూలలను మూలమట్టంతో చూడమని మేస్త్రీని అడగండి. సాయంత్రం లైటు ఆర్పి, ఫోను టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తే ప్రతి గుంతా నీడతో బయటపడుతుంది. 600 × 1200 మి.మీ. వంటి పెద్ద టైల్స్ వేయించేవారికి ఈ తనిఖీ మరీ ముఖ్యం, ఎందుకంటే గుంతను అడ్హెసివ్‌తో పూడ్చడం ఖరీదైనదీ, బలహీనమైనదీ కూడా. సబ్బులు పెట్టుకునే గూడు ఉంటే దాని అడుగు కొద్దిగా బయటకు వాలి ఉండాలి.

ప్లాస్టరును ఎన్ని రోజులు తడపాలి?

కనీసం ఏడు రోజులు, రోజుకు రెండు మూడు సార్లు.

## వాటర్‌ప్రూఫింగ్ దశలో

ప్లాస్టరులోనే వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపాం కదా, మళ్లీ కోటింగ్ ఎందుకు?

ఆ ద్రావణం ప్లాస్టరు నీరు పీల్చడాన్ని తగ్గిస్తుంది, అంతవరకే. భవనం కదలిక వల్లనో, ఆరేటప్పుడు కుంచించుకోవడం వల్లనో వచ్చే సన్నని పగుళ్లను అది కప్పలేదు. సాగే గుణమున్న సిమెంటు-పాలిమర్ కోటింగ్ ఆ పగుళ్ల మీద చర్మంలా నిలిచి నీటిని ఆపుతుంది. రెండూ కావాలి.

కోటింగ్ ఎంత ఎత్తు వరకు, ఎలా వేయించాలి?

షవర్ పడే గోడలకు నేల నుంచి ఏడడుగుల వరకు, మిగతా గోడలకు కనీసం ఒకటిన్నర అడుగు వరకు వేయించండి. మొదట గోడ, నేల కలిసే మూలను మోర్టారుతో చిన్న వాలుగా గుండ్రం చేయాలి. కోటింగ్ చీలేది సాధారణంగా ఆ మూలలోనే. మూలలకూ, పైపులు బయటకు వచ్చే చోట్లకూ మొదటి కోటు తడిగా ఉండగానే ఫైబర్ మెష్ పొదిగించాలి. మొదటి కోటు నిలువుగా, రెండోది అడ్డంగా లాగితే ఒకదాని లోపాన్ని మరొకటి కప్పుతుంది. రెండు కోట్ల మధ్య విరామం, కోటింగ్ గట్టిపడే సమయం కంపెనీని బట్టి మారుతాయి కాబట్టి డబ్బా మీదివే పాటించండి.

కోటింగ్ వేసేటప్పుడు గోడ ఎంత పొడిగా ఉండాలన్నది కూడా రకాన్ని బట్టే. సిమెంటు-పాలిమర్ రకాలకు చాలావరకు గోడ కాస్త చెమ్మగా, నీరు కారకుండా ఉండాలి; పాలీయూరిథేన్ రకాలకు పూర్తిగా పొడిగోడ కావాలి. ఈ తేడా తెలియక పొడిగోడ మీద వేసిన సిమెంటు కోటింగ్ పొడిపొడిగా రాలుతుంది.

ఫ్లోర్ కదపకుండా గోడలకు మాత్రమే చేయించుకోవచ్చా?

నేల బాగుంటే చేయవచ్చు, కానీ గోడ వెంట ఒక వరుస ఫ్లోర్ టైల్స్ తీయక తప్పదు. గోడ కోటింగ్ కింది అంచు పాత నేల వాటర్‌ప్రూఫింగ్ మీదకు కనీసం ఆరంగుళాలు ఎక్కాలి. ఆ తరువాత జాలీ మూసి, నీరు నింపి, 24 నుంచి 48 గంటలు ఉంచి, కింది ఫ్లాట్ సీలింగును చూడాలి. కింది ఇంట్లో ఇప్పటికే మరక ఉంటే నేలతో సహా చేయించండి.

కోటింగ్ నున్నగా ఉంది, టైల్ నిలవదని మేస్త్రీ దానిమీద గాట్లు పెడతానంటున్నారు. సరేననాలా?

ఒక్క గాటు కూడా పెట్టనివ్వకండి. ప్రతి గాటూ నీటికి ఒక తలుపు. ఆయన భయంలో నిజం లేకపోలేదు: సిమెంటు పాలు (నీళ్లలో కలిపిన సిమెంటు) పూసి టైల్ అంటించే పాత పద్ధతికి నున్నటి కోటింగ్ మీద పట్టు దొరకదు. పైగా విట్రిఫైడ్ టైల్ పీల్చుకునే నీరు 0.5 శాతమో అంతకంటే తక్కువో కాబట్టి సిమెంటు దానిలోకి వేరూనదు. పదిశాతానికి పైగా పీల్చుకునే పాత సిరామిక్ గోడ టైల్స్‌ను నానబెట్టి సిమెంటుతో అంటించిన అనుభవమే ఆయనది కావచ్చు. ఆ అనుభవాన్ని గౌరవిస్తూనే పదార్థం మారిందని చెప్పాలి.

ఐఎస్ 15477 గుర్తున్న అడ్హెసివ్ వాడండి. ఆ బస్తా మీదున్న టైపు మీ టైల్‌కూ తడి గోడకూ తగినదో కాదో అక్కడే రాసి ఉంటుంది. రెండో కోటు తడిగా ఉన్నప్పుడే శుభ్రమైన పొడి ఇసుకను పలుచగా చల్లితే గరుకుదనం కూడా వస్తుంది. అడ్హెసివ్‌తో వేసే టైల్‌ను నీటిలో నానబెట్టకూడదు.

## వ్యవధి, ఒప్పందం, ముందుచూపు

టైల్ పని మొదలయ్యేలోపు ఎన్ని రోజులు పడుతుంది?

గోడ పొడిగా దొరికితే దాదాపు రెండు వారాలు: చెక్కడానికి రెండు రోజులు, పైపులకూ టెస్టుకూ రెండు, ప్లాస్టరుకు ఒకటి, తడపడానికి ఏడు, కోటింగుకు మూడు. తడిగోడ ఆరే సమయం దీనికి అదనం. ఇంట్లో ఒకే బాత్రూం ఉన్నవారు పండుగకో, ఊరి ప్రయాణానికో ముడిపెట్టి వారంలో ముగించమని పట్టుబడితే కోత పడేది తడిపే రోజుల మీదే.

మేస్త్రీతో డబ్బు విషయం ఎలా మాట్లాడుకోవాలి?

మొత్తం బాత్రూంకు ఒకే రేటు మాట్లాడుకుంటే ప్లాస్టరును తడిపే వారం ఆయనకు నష్టంగా కనిపిస్తుంది. ఆ నష్టాన్ని మోయమనడం న్యాయం కాదు. చెక్కడం, ప్లాస్టరు, కోటింగ్, టైల్స్ అని నాలుగు దశలుగా విడగొట్టి, ప్రతి దశ ముగిశాక దాని డబ్బు ఇచ్చేయండి. గాడి పూడ్చే ముందు పైపులను కొలత టేపుతో సహా ఫోటో తీసి ఉంచుకోండి. తరువాత ఎక్కడ డ్రిల్లు పెట్టవచ్చో అదే చెబుతుంది. శిథిలాల బస్తాలు ఎక్కడికి వెళ్తాయో కూడా ఒప్పందంలో ఉండాలి, లేదంటే అవి ఏ ఖాళీ సైటులోనో చెరువు గట్టునో తేలుతాయి.

అమ్మానాన్నల కోసం పట్టుకునే కడ్డీ పెట్టించాలి. టైల్స్ అయ్యాక బిగించవచ్చా?

స్థలాన్ని ప్లాస్టరుకు ముందే నిర్ణయించండి. మనిషి బరువు మొత్తం దానిమీద పడుతుంది. ఏఏసీ బ్లాకులో మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు ఊడి వస్తుంది. కడ్డీ వచ్చే చోట బ్లాకు తీసి కాంక్రీటు నింపించాలి, లేదా ఆ బ్లాకులకే తయారైన కెమికల్ యాంకర్ వాడాలి. పెద్దవారిని అక్కడ నిలబెట్టి, చేయి సహజంగా ఎక్కడ ఆనుతుందో గుర్తు పెట్టుకోండి. టైల్స్ తరువాత రంధ్రం చేసినప్పుడు డ్రిల్లు కోటింగును చీల్చుకుంటూ పోతుంది కాబట్టి, దుమ్ము ఊది, రంధ్రం నిండా సిలికాన్ లేదా పాలీయూరిథేన్ సీలెంట్ నింపి, అది తడిగా ఉండగానే స్క్రూ బిగించాలి. షవర్ గ్లాసు పార్టిషన్ బిగించే రంధ్రాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.